ప్యానెల్‌పై చెప్పిన పాఠాన్ని మనమే పరిశీలించుకోవడం ఎలా?

పాఠ్య ప్రణాళిక నమూనాలో చివర ‘ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు’ అనే గడి ఒకటి ఉంటుంది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేసేవారికి అది కొత్త కాదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చిన నాటి నుంచి దాన్ని నింపుతూనే ఉన్నాం. ‘విద్యార్థులు ఆసక్తిగా పాల్గొన్నారు, బోధన లక్ష్యం నెరవేరింది’ అని రాస్తాం. తరగతి గదిలోని పెద్ద టచ్ తెర, అంటే ప్యానెల్, వాడిన రోజైతే ‘దృశ్య శ్రవణ సాధనాల వల్ల పిల్లలు బాగా అర్థం చేసుకున్నారు’ అన్న వాక్యం ఇంకొకటి చేరుతుంది. ఈ వాక్యాల్లో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ వచ్చే ఏడాది అదే పాఠం చెప్పబోయే ముందు ఆ పుట తిరగేస్తే, ఏం అలాగే ఉంచాలో, ఏం మార్చాలో చెప్పే మాట ఒక్కటీ అందులో దొరకదు.

సాంకేతిక సాధనాలు వచ్చాక ఈ లోటు ఇంకా పెద్దదైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు ఇచ్చారు. ఆ తర్వాత ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లోకి ఐఎఫ్‌పీలు (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు) వచ్చాయి. తెలంగాణలోనూ ఉన్నత పాఠశాలల్లో ప్యానెళ్లు అమర్చారు. 2017లో మొదలైన ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షా ద్వారా పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే వీడియో తెరుచుకుంటోంది. జాతీయ విద్యావిధానం 2020 ప్రకారం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి వికాస శిక్షణకు కేటాయించాలి కాబట్టి శిక్షణలకూ కొదవ లేదు. అయితే ఆ శిక్షణల్లో ఎక్కువ భాగం ఏ మీట నొక్కితే ఏది తెరుచుకుంటుందన్న దాని మీదే నడుస్తుంది. తెరుచుకున్నది పిల్లవాడి ఆలోచనలో ఏం చేసిందన్నది తరగతి గదిలో ఉన్న ఉపాధ్యాయుడు తప్ప మరొకరు చూడలేని విషయం. దాన్ని చూడడానికి ఒక క్రమం కావాలి. ఇక్కడ చెప్పబోయేది ఆ క్రమమే: పరిశీలన పాఠానికి ముందే మొదలు కావాలి, పరికరం పనితీరును కాక పిల్లల ఆలోచనను చూడాలి, చివరకు ఒక్క మార్పు దగ్గర ఆగాలి.

పాఠానికి ముందు రెండు వాక్యాలు

స్వీయ పరిశీలన అంటే పాఠం అయ్యాక చేసే పని అని సాధారణంగా అనుకుంటాం. అప్పుడు మొదలుపెడితే చిక్కేమిటంటే, పాఠంలో ఏది బాగా జరిగిందో అదే మన ఉద్దేశమని మనసు సర్ది చెప్పేస్తుంది. పిల్లలు చప్పట్లు కొట్టి ఉంటే ఉత్సాహం కలిగించడమే లక్ష్యమనిపిస్తుంది. నిశ్శబ్దంగా ఉంటే శ్రద్ధగా విన్నారనిపిస్తుంది. అందువల్ల ప్యానెల్ ఆన్ చేయకముందే, వీలైతే ముందురోజు సాయంత్రమే, నోటుబుక్కులో రెండు వాక్యాలు రాసిపెట్టుకోవాలి.

మొదటి వాక్యం సాధనం గురించి: ఈ పాఠంలో ప్యానెల్ చేయవలసిన పని ఏమిటి, ఆ పనిని నల్లబల్లగానీ చేతిలో ఉన్న వస్తువుగానీ ఎందుకు చేయలేదు? ఈ వాక్యం పూర్తి కాకపోతే ఆ రోజు ప్యానెల్ అవసరం లేదని అర్థం, అందులో చిన్నతనమేమీ లేదు. త్రిభుజం శీర్షాన్ని అటూ ఇటూ లాగుతూ, కోణాలన్నీ మారుతున్నా వాటి మొత్తం 180 డిగ్రీలుగానే నిలవడాన్ని జియోజెబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో చూపవచ్చు. సుద్దముక్కతో అలా లాగలేం. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుండగా అక్షం వాలు మారకపోవడాన్ని కదిలే బొమ్మ చూపగలదు. అదే రెండంకెల భాగహారాన్ని వరుసగా చేసి చూపడానికి నల్లబల్లే మేలు, ఎందుకంటే ఉపాధ్యాయుని చేయి ఏ అంకె తర్వాత ఏ అంకె రాస్తుందో పిల్లవాడు వెంట వెంట చూస్తాడు; తెరపై అంతా ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. చక్కగా పద్యం పాడగల తెలుగు మాస్టారు ఉన్న బడిలో పద్యానికి ఆడియో పెట్టి ఆయన పక్కన నిలబడడం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు.

రెండో వాక్యం పిల్లల గురించి: పాఠం అయ్యాక ఏ ప్రశ్నకు వాళ్లు సొంతంగా జవాబు చెప్పగలగాలి, ఎక్కువ మంది ఎక్కడ పొరబడతారని మన అంచనా? ఈ అంచనా రాయడం తప్పనిసరి. అది నిజమైతే మన పిల్లల గురించి మనకు తెలుసన్న ధైర్యం కలుగుతుంది. తప్పితే ఇంకా మంచిది, పరిశీలించవలసిన విషయం అక్కడే బయటపడుతుంది.

పాఠం నడుస్తుండగా

అమెరికాకు చెందిన తత్వవేత్త డొనాల్డ్ షోన్ 1983లో వృత్తి నిపుణుల ఆలోచన తీరును వివరిస్తూ, పని ముగిశాక వెనుదిరిగి చూసుకోవడం వేరు, పని మధ్యలోనే ఆలోచించి దారి మార్చుకోవడం వేరు అని చెప్పాడు. అనుభవమున్న ఉపాధ్యాయులు ఈ రెండోదాన్ని తెలియకుండానే చేస్తారు: మూడో బెంచీలో రెండు ముఖాలు ముడుచుకుంటే ఉదాహరణ మార్చేస్తారు. ప్యానెల్ వచ్చాక దెబ్బ తిన్నది సరిగ్గా ఇదే. వీడియో నడుస్తున్నప్పుడు ఉపాధ్యాయుడు కూడా పిల్లల్లాగే తెర వైపు తిరుగుతాడు, వాళ్ల ముఖాలు కనపడవు. వీడియో కూడా ఎవరి కోసమూ ఆగదు.

దీనికి విరుగుడు చాలా చిన్నది. వీడియో పెట్టాక తెర పక్కన కాక గది పక్కగోడ దగ్గర, పిల్లల ముఖాలూ తెరా రెండూ కనిపించే చోట నిలబడాలి. ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించుకుని, ఆ చోట్ల నిమిషం, సెకను పాఠ్యపుస్తకం అంచున రాసుకోవాలి. ఆపిన ప్రతిచోటా ‘ఇప్పుడు ఏమవుతుంది?’ అని అడిగి, జవాబు విన్నాకే ముందుకు నడపాలి. పాఠం మధ్యలో నోటుబుక్కు తీసి రాయడం కుదరని పని. పుస్తకం అంచున చిన్న గుర్తులు చాలు. పిల్లవాడు తనంతట అడిగిన ప్రశ్నకు ఒక గుర్తు, ప్యానెల్ దగ్గరకు వచ్చి ముట్టుకున్న పిల్లలకు ఒక గుర్తు, మనం అనుకోనిచోట ఆగవలసి వస్తే ఒక గుర్తు. ప్యానెల్‌ను ఎవరు ముట్టుకున్నారన్న గుర్తులను కొన్ని వారాల తర్వాత చూస్తే, పేర్లు మళ్లీ మళ్లీ అవే కనిపించే అవకాశం ఎక్కువ. ఆడపిల్లలు ఎంతమంది వచ్చారో, చివరి వరుస నుంచి ఎవరైనా లేచారో అప్పుడు చూసుకోవచ్చు.

చీటీలు: అసలు ఆధారం

పరిశీలనకు మన జ్ఞాపకం ఒక్కటే ఆధారమైతే అది మనకు అనుకూలంగానే తీర్పు చెబుతుంది. అందుకే పీరియడ్ చివరి అయిదు నిమిషాల్లో ఒకే ఒక్క ప్రశ్నకు అరకాగితం చీటీ మీద జవాబు రాయించాలి. స్లిప్ టెస్టు మనకు అలవాటే కాని ఇది దానికి భిన్నం: మార్కులు వేయకూడదు, పేరు రాయమని బలవంతం చేయకూడదు, ‘ఎందుకు?’ అన్న భాగం తప్పక ఉండాలి. ఇంకొక నియమం కూడా ఉంది. ఆ ప్రశ్నకు జవాబు వీడియోలో ఉన్నదున్నట్టు దొరకకూడదు. దొరికితే పిల్లలు గుర్తుపెట్టుకున్నదే తెలుస్తుంది, అర్థం చేసుకున్నది తెలియదు.

దీని విలువ తెలియడానికి పదో తరగతి భౌతికశాస్త్రంలోని కటకాల పాఠం తీసుకుందాం. ప్రతి ఏడాదీ ప్యానెల్ మీద ఎంతో అందంగా నడిచే పాఠమిది. భౌతికశాస్త్ర నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూడగల ప్రయోగాలు, ఉచితంగా దొరుకుతాయి. ముందే దింపుకొని ఉంచుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. వాటిలో కాంతికి సంబంధించిన దానిలో వస్తువును జరిపితే ప్రతిబింబం జరుగుతుంది, కటకం వక్రతను మారిస్తే నాభి మారుతుంది. పిల్లలు ముచ్చటపడతారు. ప్రధానాక్షానికి సమాంతరంగా వచ్చే కిరణం నాభి గుండా పోతుందని, దృక్ కేంద్రం గుండా పోయే కిరణం వంగదని అందరూ కలిసి చెబుతారు. కిరణ చిత్రం గీయమంటే చాలామంది గీసేస్తారు. పాఠం బ్రహ్మాండంగా నడిచిందనే అనిపిస్తుంది.

ఇప్పుడు చీటీ ప్రశ్న: కుంభాకార కటకం పై సగాన్ని నల్లకాగితంతో మూసేస్తే తెరపై ప్రతిబింబం ఏమవుతుంది, ఎందుకు? ఇది కొత్త ప్రశ్న కాదు, ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం అభ్యాసాల్లో ఇలాంటిదే ఉంది. సరైన జవాబు ఏమిటంటే ప్రతిబింబం పూర్తిగానే ఏర్పడుతుంది, కాకపోతే కాంతి తగ్గి మసకగా కనిపిస్తుంది. వస్తువు మీది ప్రతి బిందువు నుంచీ లెక్కలేనన్ని కిరణాలు కటకం అంతటా పడుతుంటాయి. కింది సగం గుండా వెళ్లిన కిరణాలు మాత్రమే ఉన్నా ఆ బిందువు ప్రతిబింబం ఏర్పడుతుంది.

చీటీలను మూడు కుప్పలు చేయాలి. జవాబూ కారణమూ సరైనవి ఒక కుప్ప. జవాబు సరిగ్గా ఉండి కారణం లేనివి, లేదా కారణం పొసగనివి రెండో కుప్ప. జవాబు తప్పినవి మూడో కుప్ప. మూడో కుప్పను పక్కన పడేయకుండా అందులోని కారణాలను ఒక్కొక్కటిగా చదవాలి. ‘సగం ప్రతిబింబమే వస్తుంది, ఎందుకంటే పై కిరణం కాగితానికి తగిలి ఆగిపోతుంది’ అన్నది అక్కడ తరచుగా కనిపించే జవాబు. ఈ పిల్లవాడు పాఠం వినలేదని అనుకుంటే పొరపాటు. అతడు చాలా శ్రద్ధగా చూశాడు. తెర మీద ఎప్పుడూ రెండు మూడు ప్రధాన కిరణాలే కనిపించాయి కాబట్టి ప్రతిబింబాన్ని ఆ కిరణాలే మోసుకొస్తాయని నిర్ధారించుకున్నాడు. వాటిలో సమాంతర కిరణం కటకం పై సగంలోనే పడుతుంది. దాన్ని ఆపేస్తే ప్రతిబింబంలో కొంత పోవాలి కదా అని అతని తర్కం. తాను చూసిన బొమ్మను బట్టి ఆ తర్కం సరైనదే.

అంటే ఇక్కడ పొరపాటు అభిప్రాయానికి బీజం వేసింది మనం వాడిన బొమ్మే. సిమ్యులేషన్ తప్పు చెప్పలేదు. గీయడానికి సౌలభ్యం కోసం ఎంచుకున్న ప్రధాన కిరణాలను అసలు కాంతి అంతా అవేనన్నట్టు చూపించిన వరుసలో లోపం ఉంది. ‘పాఠం ఎలా జరిగింది?’ అని మనల్ని మనం అడిగి ఉంటే ఈ సంగతి ఎన్నటికీ తేలేది కాదు. ఒక్క చీటీ మీది ‘ఎందుకంటే’ తర్వాతి వాక్యం తేల్చింది.

దాని నుంచి వచ్చే మార్పు కూడా చేతికి అందేదే. అదే ఫెట్ సిమ్యులేషన్‌లో ప్రధాన కిరణాలు మాత్రమే కాక అనేక కిరణాలు చూపే ఎంపిక ఒకటి ఉంది. తర్వాతి సెక్షన్‌లో వరుసను తిరగేయవచ్చు. ముందుగా గదిలోని కిటికీలన్నీ మూసి ఒక్కదాన్ని తెరిచి, ఎదుటి గోడకు తెల్లకాగితం అంటించి, భూతద్దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ బయటి చెట్టు తలకిందుల ప్రతిబింబం కాగితం మీద స్పష్టంగా పడేలా చేయాలి. అప్పుడు పోస్టుకార్డుతో భూతద్దం పై సగాన్ని మూసే ముందు, ‘ఏం జరుగుతుందో’ చేతులెత్తి చెప్పమనాలి. కార్డు అడ్డుపెట్టాక చెట్టు మసకబారుతుంది కాని మాయం కాదు. పిల్లలు అయోమయంగా చూసే ఆ క్షణంలోనే ప్యానెల్ అవసరం నిజంగా పుడుతుంది: అనేక కిరణాలు చూపే ఎంపిక తెరిచి, ఒకే బిందువు నుంచి బయలుదేరిన కిరణాలన్నీ కటకం నిండా పడి మళ్లీ ఒకేచోట కలవడం చూపాలి. వాటిలో గీయడానికి తేలికైన రెండింటిని మనం ఎంచుకుంటున్నామని చెప్పి, అప్పుడే ప్రధాన కిరణాలకు రావాలి. చౌకగా దొరికే భూతద్దం చేసిన పనిని ప్యానెల్ చేయలేదు. భూతద్దం చూపలేని కిరణాలను ప్యానెల్ చూపింది. ఏది ముందు, ఏది వెనుక అన్న నిర్ణయం ఉపాధ్యాయునిది.

తెలుగు పిల్లల చీటీల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు మాధ్యమం విస్తరించాక వీడియోలు చాలావరకు ఇంగ్లీషులోనే నడుస్తున్నాయి, పాఠ్యపుస్తకాలు ద్విభాషలో ఉన్నా సరే. ‘ఎందుకు?’ దగ్గర ఖాళీ వదిలిన చీటీని చూసి భావన అందలేదని తేల్చేయకూడదు. చెప్పడానికి భాష చాలక వదిలేసి ఉండవచ్చు. జవాబును ఏ భాషలోనైనా, కలిపి అయినా, బొమ్మ గీసి అయినా ఇవ్వవచ్చని ముందే చెప్పాలి. ఇంగ్లీషులో ఖాళీగా వచ్చిన చీటీలు తెలుగులో నిండుగా వస్తే, మార్చవలసింది సిమ్యులేషన్ కాదు, దానికి ముందు మనం పరిచయం చేసే పదాలు.

నోటుబుక్కులో ఏం రాయాలి

ప్రతి పాఠానికీ ఇలా చేయడం ఏ ఉపాధ్యాయునికీ సాధ్యం కాదు. బోధనేతర పనుల యాప్‌లు నింపడానికే ఖాళీ పీరియడ్లు చాలని పరిస్థితిలో అలా చేయమనడం న్యాయమూ కాదు. వారానికి ఒక్క పాఠం చాలు. కానీ ఆ ఒక్కదాన్ని అదే రోజు, బడి నుంచి బయలుదేరే లోపే రాయాలి. మర్నాటికి వివరాలు చెరిగిపోయి ‘బాగా జరిగింది’ అన్న రుచి ఒక్కటే మిగులుతుంది.

పైన చెప్పిన కటకాల పాఠానికి ఒక పుట ఇలా ఉండవచ్చు: ‘పదో తరగతి, ఎ సెక్షన్, కటకాలు. ప్యానెల్ పని: వస్తువు స్థానంతో ప్రతిబింబం మారడం చూపడం. జరిగింది: వస్తువును నేనే జరిపాను, పిల్లలు చూశారు, ప్రధాన కిరణాలతోనే మొదలైంది. ఆధారం: మూడో కుప్ప పెద్దది, కారణంగా “పై కిరణం ఆగిపోతుంది” అని రాశారు. నా అంచనా: నిజ, మిథ్యా ప్రతిబింబాల దగ్గర తడబడతారనుకున్నాను, అక్కడ తడబడలేదు. ఊహ: ప్రధాన కిరణాలే ప్రతిబింబాన్ని తెస్తాయని అనుకుంటున్నారు. మార్పు: బి సెక్షన్‌లో ముందు భూతద్దం, తర్వాత అనేక కిరణాలు.’ ఇంతకు మించి అక్కర్లేదు. ఇందులో మెచ్చుకోలు లేదు, నిందించుకోవడమూ లేదు. ‘నేను బాగా చెప్పలేకపోయాను’ అన్న వాక్యం వినయంగా కనిపిస్తుంది కాని, రేపు ఏం చేయాలో చెప్పదు కాబట్టి పరిశీలనకు పనికిరాదు. మార్పు అన్నచోట రెండు మూడు రాయాలన్న ఉత్సాహాన్ని ఆపుకోవాలి. ఒకేసారి మూడు మారిస్తే ఏది ఫలించిందో తెలియదు.

పరికరం మొరాయింపులను ఈ పుటలో రాయకూడదు. కరెంటు పోయింది, నెట్ రాలేదు, ప్యానెల్ స్పర్శకు స్పందించలేదు, మధ్యాహ్నం ఎండ పడి తెర కనిపించలేదు వంటివన్నీ నిజమైన ఇబ్బందులే. అయితే వాటిని పాఠం గురించిన పుటలో రాయడం మొదలుపెడితే నోటుబుక్కు అంతా అవే నిండి, పిల్లల ఆలోచనకు చోటుండదు. నోటుబుక్కు చివరి పుటల్లో తేదీతో వేరుగా రాసుకుంటే, ప్రధానోపాధ్యాయునికి చూపి బాగు చేయించడానికి అదొక ఆధారంగా కూడా ఉంటుంది. కరెంటు పోయిన రోజు పాఠాన్ని ఎలా నడిపాం, ఆ రోజు చీటీలు ఎలా వచ్చాయి అన్నది మాత్రం మొదటి భాగంలోకే రావాలి. కొన్నిసార్లు అవి ప్యానెల్ నడిచిన రోజు చీటీలకంటే మెరుగ్గా ఉంటాయి, ఎందుకో ఆలోచించవలసిందే.

మన గొంతు మనం వినడం

నెలకొకసారి ఫోనును బల్లపై ఉంచి పాఠాన్ని ఆడియోగా రికార్డు చేసి, ఇంటి దగ్గర ఓ పది నిమిషాల భాగం వినాలి. మొదటిసారి వినడం ఇబ్బందిగానే ఉంటుంది. గొంతు ఎలా ఉందన్న సంగతి వదిలేసి మూడు విషయాలు లెక్కపెట్టాలి. అడిగిన ప్రశ్నల్లో ‘అర్థమైందా?’, ‘అంతే కదా?’ వంటివి ఎన్ని? వీటికి తరగతి అంతా ఒకే రాగంలో ‘ఆఁ... అయింది సార్’ అంటుంది. ఆ రాగం వెనుక ఎవరికి అర్థమైందో ఎవరికి కాలేదో దేవుడికే ఎరుక. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగాం? ప్యానెల్‌పై ఉన్నదాన్నే మళ్లీ చదివి వినిపించిన సమయం ఎంత?

రెండోదాని గురించి అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చేసిన పని ప్రసిద్ధం. తరగతి గదుల రికార్డింగులు విని, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్ల దాకా పెంచితే పిల్లల జవాబులు నిడివిగా, ఆలోచనతో కూడినవిగా వస్తాయని ఆమె చూపింది. ప్యానెల్ ఉన్న తరగతిలో ఈ విరామం మరింత కుదించుకుపోతుంది: చేతిలో తర్వాతి స్లైడు సిద్ధంగా ఉంటుంది, జవాబు కూడా అందులోనే ఉంటుంది, వేలు ఆగదు. రికార్డింగులో ఇది స్పష్టంగా వినిపిస్తుంది. పరిష్కారంగా జవాబు ఉన్న స్లైడుకు ముందు ఏమీ లేని ఖాళీ స్లైడు ఒకటి చేర్చుకుంటే సరిపోతుంది. తెర ఖాళీ అయినప్పుడు పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, మాట అక్కడ మొదలవుతుంది.

వీడియో తీయడం గురించి ఒక మాట. పాఠం వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే అలవాటు విస్తరించింది. స్వీయ పరిశీలన కోసం తీసినదాన్ని అలా పంచకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వ్యక్తిగత సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. చట్టం సంగతి అటుంచినా, తప్పు జవాబు చెప్పిన పిల్లవాడి ముఖం పదిమంది ఫోన్లలో తిరగడం మర్యాద కాదు. ఆడియో చాలు, విని, లెక్క రాసుకుని తుడిచేయాలి.

ట్యాబ్‌ల విషయం కొంచెం వేరు. అక్కడ క్విజ్ మార్కులు వాటంతటవే తెర మీదికి వస్తాయి కాబట్టి ఆధారం సిద్ధంగా ఉందనిపిస్తుంది. కాని నాలుగు ఎంపికల్లో ఒకదాన్ని నొక్కడం వెనుక ఏ ఆలోచన ఉందో ఆ మార్కు చెప్పదు. సరైన జవాబు నొక్కిన ఇద్దరు ముగ్గురిని పిలిచి ‘మిగతా మూడూ ఎందుకు కావు?’ అని అడిగి, విన్నది రాసుకుంటే చాలు.

మరొకరి కన్ను, పక్క సెక్షన్

రెండు సెక్షన్లున్న బడిలో మార్పును పరీక్షించడం సులువు: ఎ సెక్షన్‌లో తెలిసినదాన్ని బట్టి బి సెక్షన్‌లో ఒక్కటి మార్చి, అదే చీటీ ప్రశ్న ఇచ్చి, కుప్పలను పోల్చవచ్చు. రెండు సెక్షన్ల పిల్లలూ ఒకే స్థాయిలో ఉండకపోవచ్చన్న మాట గుర్తుంచుకుంటే చాలు. ఇది పరిశోధన కాదు, మన పని మెరుగుపరచుకోవడానికి ఆనవాలు. ఒకే సెక్షన్ ఉన్న చిన్న బడిలో అదే భావన మళ్లీ ఎదురయ్యే తర్వాతి పాఠం దాకా ఆగాలి. కటకాల తర్వాత కంటి దోషాల పాఠంలో కిరణాలు మళ్లీ వస్తాయి, అదే సరైన సమయం.

తోటి ఉపాధ్యాయులను తరగతికి పిలవడం మన బడుల్లో ఇంకా తనిఖీలాగే అనిపిస్తుంది. దానికి కారణం, వచ్చినవారు అన్నీ చూసి చివర్లో అభిప్రాయం చెప్పడం. అలా కాకుండా ఒక్క ప్రశ్న చేతికిచ్చి పిలవాలి: ‘వీడియో నడుస్తున్నప్పుడు కిటికీ వైపు రెండు వరుసల పిల్లలు ఏం చేస్తున్నారో రాసిపెట్టండి మేడమ్, ఇంకేమీ వద్దు.’ ఆమె రాసిన కాగితం మీకు, మీరు రాసినది ఆమెకు. ఎవరూ ఎవరికీ తీర్పు చెప్పనక్కర్లేదు. సబ్జెక్టు వేరైనా ఫరవాలేదు. గణితం చెప్పేవారు సైన్సు తరగతిలో కూర్చుంటే పాఠంలో మునిగిపోకుండా పిల్లల్నే చూస్తారు.

నెలాఖరున

నెల పూర్తయ్యాక ఆ నాలుగైదు పుటలను ఒకేసారి చదవాలి. విడివిడిగా కనిపించనిది కలిపి చదివితే కనిపిస్తుంది: ప్రతిసారీ వస్తువును నేనే జరుపుతున్నాను, లేదా ప్రతిసారీ వీడియో పీరియడ్ చివర్లో పడి చర్చకు సమయం ఉండడం లేదు, లేదా నా అంచనాలు ఒకే రకమైన చోట తప్పుతున్నాయి. అలా తిరిగి తిరిగి వచ్చినదాన్ని ఒకదాన్ని వచ్చే నెలకు పనిగా పెట్టుకోవాలి. వాడిన వీడియోలు, సిమ్యులేషన్ల పేర్ల పక్కన ‘మళ్లీ’, ‘వరుస మార్చి’, ‘వద్దు’ అని గుర్తు పెడితే వచ్చే జూన్‌లో వార్షిక ప్రణాళిక రాసేటప్పుడు అదే పట్టిక ఉపయోగపడుతుంది. దీక్షాలో ఏది ఉందో వెతకడం తేలిక. మన పిల్లలకు ఏది పనికొచ్చిందో ఆ పట్టికలోనే ఉంటుంది.

చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లేటప్పుడు ప్యానెల్ ముందు పిల్లలు నవ్వుతున్న ఫొటోల బదులు మూడో కుప్పలోని చీటీలు మూడు, పేర్లు లేకుండా, తీసుకువెళ్లండి. ‘ఈ పిల్లవాడు ఇలా ఎందుకు అనుకున్నాడు?’ అని అడిగితే, అదే పాఠం వేర్వేరు ఊళ్లలో చెప్పే ఉపాధ్యాయులు తమ పిల్లలు రాసినవీ చెప్పడం మొదలుపెడతారు. ఎవరు ఏ వీడియో ఎక్కడ ఆపుతారో, ఎవరు అసలు వాడరో, వాడకుండా ఏం చేస్తారో అక్కడ రాసుకుని వస్తే, మరుసటి వారం పాఠానికి ముందు రాయవలసిన రెండు వాక్యాలకు కావలసిన సరుకు దొరికినట్టే.